శిక్ష డ్రైవరుకు, రక్ష కంపెనీకి

చట్టసభ ఆమోదించి, రాష్ట్రపతి సంతకం చేసి, గెజెట్టుకెక్కిన తరువాత కూడా ఒక నిబంధన ఊపిరి పోసుకోకుండా ఆగిపోవడం మన దేశంలో వింత కాదు. అయితే లారీ డ్రైవర్లు రెండు రోజులు చక్రాలు ఆపేసరికి, పదిరోజుల కిందట తానే పట్టుబట్టి సాధించుకొన్న శాసనాన్ని కేంద్ర ప్రభుత్వం తన చేతులతోనే అటకెక్కించడం మాత్రం అరుదు. భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను రెండవ ఉపసెక్షనుకు ఆ అరుదైన గౌరవం దక్కినది.

ఆ కథ పాఠకులకు తెలిసినదే అయినా ఒకసారి గుర్తుచేయవలసి ఉన్నది. 2023 డిసెంబరు 20న లోక్‌సభ, మరునాడు రాజ్యసభ మూడు నేరశాసన బిల్లులను ఆమోదించాయి. అప్పటికి ఉభయ సభలలో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండయి ఉన్నారు. నిలదీయవలసినవారు బయట, చేతులెత్తవలసినవారు లోపల. నిర్లక్ష్యంగా వాహనం నడిపి ఒకరి మరణానికి కారకుడై, పోలీసు అధికారికి గాని మేజిస్ట్రేటుకు గాని వెంటనే తెలియజేయకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు, జరిమానా అని ఆ ఉపసెక్షను అంటున్నది. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించిన నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు.

2024 జనవరి మొదటి తేదీన ఉత్తరాదిన లారీలు నిలిచిపోయాయి. మరునాటికి హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. ఆ రాత్రే కేంద్ర హోం కార్యదర్శి రవాణాదారుల అఖిల భారత సంఘంతో చర్చించి, వారిని సంప్రదించనిదే ఈ నిబంధనను అమలులోకి తీసుకురాబోమని హామీ ఇచ్చారు. 2024 జూలై 1న సంహిత మొత్తం అమలులోకి వచ్చినది. ఆ ఒక్క ఉపసెక్షనుకు మాత్రం ఆనాడు ప్రాణం పోయలేదు.

ఈ వివాదమంతటా నన్ను కలవరపెట్టిన విషయం ఒకటున్నది. పదేళ్లు న్యాయమని ప్రభుత్వం, పదేళ్లు అన్యాయమని డ్రైవర్లు వాదించుకొన్నారు. ఇద్దరి వాదమూ డ్రైవరు చుట్టూనే తిరిగినది. ఆ డ్రైవరు నడిపిన వాహనం ఎవరిది, ఆ రాత్రి అతనిని ఆ రోడ్డు మీదికి పంపినవారెవరు, చచ్చిపోయినవాని కుటుంబానికి అన్నం పెట్టవలసినదెవరు అన్న ప్రశ్నలు ఇరుపక్షాల నోటా వినబడలేదు. డ్రైవరు పదేళ్లు జైలులో ఉన్నంత మాత్రాన మృతుని ఇంట పొయ్యి వెలగదు. వెలిగించగల స్తోమత వాహన యజమానికి, ఆ యజమాని తరఫున బీమా కంపెనీకి ఉన్నది. కనుక వీధిలో మనిషిని కంపెనీ బండి గుద్ది పారిపోతే చట్టం ఏ దారులు చూపుతున్నది, ఆ దారులు ఎక్కడ మూసుకొంటున్నవి అనేది ఈ వారం పరిశీలిద్దాం.

మొదట మాట సంగతి తేల్చుకోవాలి. ‘హిట్ అండ్ రన్’ అనే మాటకు మన చట్టాలలో రెండు అర్థాలున్నాయి. నేరశాసనం దృష్టిలో గుద్దినవాడు పారిపోతే చాలు. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షను దృష్టిలో డ్రైవరు పారిపోవడం ప్రధానం కాదు. తగినంత ప్రయత్నం చేసినా ఏ వాహనం గుద్దినదో తెలియకపోవడం ప్రధానం. డ్రైవరు అడవిలోకి పారిపోయినా, బండి నంబరు తెలిసిందంటే పరిహారం విషయంలో అది ‘హిట్ అండ్ రన్’ కాదు, సాధారణ ప్రమాదమే. చూడటానికి ఇది పదాల పట్టింపులా కనిపిస్తుంది. కాని ఒక కుటుంబం తలరాత ఈ భేదం మీదనే ఆధారపడి ఉన్నది.

లెక్క వేసి చూపిస్తాను. ముప్పై ఏళ్ల యువకుడు, నెలకు 15,000 రూపాయలు సంపాదించే స్వయం వృత్తిదారు, తల్లినీ భార్యనూ ఇద్దరు బిడ్డలనూ వదిలి చనిపోయాడనుకొందాం. బండి ఏదో తెలియకపోతే ఆ కుటుంబానికి 161వ సెక్షను కింద దక్కేది రెండు లక్షలు. ఇదైనా 2022 ఏప్రిల్ 1 నుంచి పెరిగిన మొత్తం. 1988 చట్టంలో 8,500 రూపాయలు, 1994 సవరణలో 25,000 రూపాయలు. మనిషి ప్రాణానికి పాతిక వేలే చాలునని ఈ దేశం దాదాపు ఇరవై ఎనిమిది ఏళ్లు అనుకొన్నది.

బండి ఏదో తెలిసి, డ్రైవరు తప్పు రుజువైతే అదే కుటుంబం లెక్క మారిపోతుంది. సరళా వర్మ కేసులో 2009లో, ప్రణయ్ సేఠీ కేసులో 2017లో సుప్రీంకోర్టు ఏర్పరచిన సూత్రం ప్రకారం సంవత్సరాదాయం 1,80,000. నలభై ఏళ్లలోపు స్వయం వృత్తిదారు గనుక భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆధారపడినవారు నలుగురు గనుక మృతుని సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసివేస్తే 1,89,000. ఆ వయసుకు గుణకం 17. మొత్తం 32,13,000 రూపాయలు. అంత్యక్రియలు వగైరా ఖాతాల కింద వచ్చేది దీనికి అదనం. అదే మనిషి, అదే చావు, అదే రోడ్డు. ఒకచోట రెండు లక్షలు, మరొకచోట అందుకు పదహారు రెట్లు. ఈ రెంటి మధ్య ఉన్నది ఒక నంబరు ప్లేటు.

కనుక బాధితుల కుటుంబం చేయవలసిన మొదటి పని, పోలీసుల చేత చేయించవలసిన మొదటి పని, బండిని పట్టుకోవడం. పోలీసులు తలుచుకొంటే ఇది అసాధ్యమేమీ కాదు. 1999 జనవరి 10 తెల్లవారుజామున ఢిల్లీ లోధీ కాలనీలో ఒక విదేశీ కారు ఆరుగురిని బలిగొని మాయమైతే, చిందిన నూనె జాడ పట్టుకొని పోలీసులు గోల్ఫ్ లింక్స్‌లోని ఒక ఇంటి దాకా వెళ్లారు. మృతులలో ముగ్గురు పోలీసులన్న సంగతి కూడా జ్ఞాపకముంచుకోవాలి. అప్పుడు దారి చూపినది నూనె చుక్క. ఇప్పుడు కూడళ్లలో కెమెరాలున్నాయి, టోల్ గేట్లలో ఫాస్టాగ్ నమోదులున్నాయి. ఇవేవీ వెదకకుండా ‘వాహనం ఆచూకీ తెలియలేదు’ అని కాగితం రాసి ఫైలు కట్టివేయడం చట్టం కోరిన ‘తగినంత ప్రయత్నం’ అనిపించుకోదు.

బండి కంపెనీదని తెలిసినప్పుడు పోలీసుల చేతిలో మరొక ఆయుధమున్నది. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షను ప్రకారం, పోలీసు అధికారి అడిగినప్పుడు ఆ సమయంలో బండి నడిపిన డ్రైవరు పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు చెప్పవలసిన బాధ్యత యజమానిది. 134వ సెక్షను ప్రకారం గాయపడినవానికి వైద్యం అందించడం, ఇరవై నాలుగు గంటలలోగా పోలీసులకు తెలియజేయడం డ్రైవరు బాధ్యత. జనం ఆగ్రహావేశాలతో మీద పడితే అక్కడినుంచి తప్పుకోవడాన్ని అదే సెక్షను మన్నిస్తున్నది. పోలీసు స్టేషనుకు వెళ్లకపోవడాన్ని మన్నించదు. పోలీసులు కేసే నమోదు చేయకపోతే జిల్లా ఎస్.పి.కి రాయవచ్చు. అక్కడా వినకపోతే మేజిస్ట్రేటు కోర్టు తలుపు తట్టవచ్చు.

నేరవిచారణ ఒక దారి, నష్టపరిహారం మరొక దారి. డ్రైవరు దొరికేదాకా, అతనికి శిక్ష పడేదాకా పరిహారం అడగరాదన్న అపోహ మన పల్లెల్లోనే కాదు, పట్నాలలో చదువుకొన్నవారిలోనూ ఉన్నది. అది నిజం కాదు. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ నేరం నిర్ధారించే కోర్టు కాదు. ఫలానా బస్సు, ఫలానా విధంగా గుద్దినదని అణుమాత్రం సందేహం లేకుండా నిరూపించడం బాధితులకు సాధ్యం కాదనీ, ఏది ఎక్కువ సంభావ్యమో చూసి తేల్చాలనీ హిమాచల్ ప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ మీద బిమలాదేవి వేసిన కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పినది. డ్రైవరు పరారీలో ఉన్నాడన్నది కంపెనీకి రక్షణ కాజాలదు.

పోలీసులు 48 గంటలలోగా మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు, బీమా సంస్థకు పంపాలనీ, బాధితులకు వారి హక్కులు తెలిపే పత్రాన్ని పది రోజులలో అందజేయాలనీ 2022 నుంచి నిబంధనలున్నాయి. వీటిని ఖచ్చితంగా అమలు చేయాలని అదే సంవత్సరం డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించినది. పోలీసులు పంపిన ప్రమాద నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిము దరఖాస్తుగా పరిగణించాలని 166వ సెక్షను చెబుతున్నది. అంటే సక్రమంగా జరిగితే, ప్లీడరును పెట్టుకోలేని విధవరాలికి కూడా న్యాయస్థానమే కబురు పంపాలి. ఆ పత్రం తమ చేతికి వచ్చినదా అని పాఠకులు తమ ఊరి బాధితులను అడిగి చూడండి. నిబంధనకూ నిజానికీ ఉన్న దూరం తెలిసిపోతుంది.

కొంతకాలం కిందట శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఒక కుటుంబం నన్ను వెదుక్కొంటూ వచ్చినది. ఢిల్లీ పొలిమేరల్లోని గోదాములలో పనిచేసే వారి కుర్రవాడిని రాత్రివేళ ఒక కంపెనీ సరుకుల వ్యాను గుద్ది వెళ్లిపోయినది. నంబరు చూసినవారున్నారు. కంపెనీకి వెళ్తే ‘బండి మాదే, డ్రైవరు మావాడు కాడు, కాంట్రాక్టరు మనిషి’ అన్నారట. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్తే ‘వాడు పని మానేసి పోయాడు’ అన్నాడట. ప్రతి వాయిదాకూ ఢిల్లీ రావడానికి మాకు శక్తి ఎక్కడిది బాబూ అని ఆ తండ్రి అడిగాడు. నాకు తెలిసిన రెండు ముక్కలు చెప్పాను. ప్రమాదం ఎక్కడ జరిగినా, క్లెయిముదారు తాను నివసించే చోటనే కేసు వేసుకోవచ్చునని 166వ సెక్షను రెండవ ఉపసెక్షను అంటున్నది. శ్రీకాకుళం ట్రిబ్యునల్లో వేసిన కేసుకు ఢిల్లీ కంపెనీయే అక్కడికి రావాలి. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి దేశం నాలుగు మూలలకూ కూలికి పోయే తెలుగువారికి ఇంతకంటె ముఖ్యమైన నిబంధన ఈ చట్టంలో లేదు. ఆ కుటుంబానికి ఈ సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ప్రమాదం జరిగి అప్పటికి ఐదో నెల నడుస్తున్నది.

ఐదో నెల అని ఎందుకు చెబుతున్నానంటే గడువు ఆరు నెలలే. 1988 చట్టంలో ఉన్న ఆ గడువును 1994లో పార్లమెంటు కరుణించి తొలగించినది. 2019లో మళ్లీ తెచ్చిపెట్టినది; 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో పెట్టారు. భర్త చనిపోయిన ఇల్లాలు ఏడుపు దిగమింగుకొని కాగితాలు పోగుచేసేలోపల ఆరు నెలలు గడిచిపోవా అన్న ఆలోచన శాసనకర్తలకు రాలేదు. దీని చెల్లుబాటును సవాలు చేసిన వ్యాజ్యాలలో 2025 నవంబరులో సుప్రీంకోర్టు, గడువు దాటినదన్న ఒక్క కారణం మీద దరఖాస్తులను తోసివేయరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. మధ్యంతరమన్నది మధ్యంతరమే. ఆరు నెలలలోపు దరఖాస్తు వేయడమే క్షేమం.

ఇక కంపెనీలు చెప్పే సాకులు. ఇవి కొత్తవి కావు, వీటికి కోర్టులు చెప్పిన సమాధానాలూ కొత్తవి కావు. 1952లో ఉదయపూర్ కలెక్టరు జీపును మరమ్మతు చేయించి తీసుకువస్తున్న ప్రభుత్వ డ్రైవరు దారిన పోతున్న ఒక పాదచారిని గుద్దితే అతడు మరణించాడు. ఇది రాజ్యాధికార నిర్వహణ, మాకు బాధ్యత లేదని రాజస్థాన్ ప్రభుత్వం వాదించినది. 1962లో విద్యావతి కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చి, సామాన్య యజమానికి ఎంత బాధ్యతో సర్కారుకూ అంతే బాధ్యత అన్నది. ఆ విధవరాలికీ ఆమె పసిబిడ్డకూ దక్కినది 15,000 రూపాయలు. దానికి పట్టినది పదేళ్లు.

అన్ని తీర్పులూ బాధితుల పక్షానే రాలేదు. టాక్సీ నడపడానికి అప్పగించబడినవాడు దానిని మరొకని చేతికిస్తే, ఆ రెండోవాడు లైసెన్సు పరీక్ష కోసం నడుపుతుండగా ప్రమాదం జరిగినది. యజమానికి సంబంధం లేదని 1966లో సీతారాం మోతీలాల్ కేసులో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఆ ద్వారం 1977లో పుష్పాబాయి ఉదేశి కేసులో చాలావరకు మూసుకొన్నది. కంపెనీ మేనేజరు కంపెనీ కారు నడుపుతూ ప్రమాదం చేస్తే, అతడు కంపెనీ పని మీదనే ఉన్నాడు గనుక కంపెనీ బాధ్యత వహించవలసినదేనని సుప్రీంకోర్టు నిర్ణయించినది. ‘డ్యూటీ అయిపోయిన తరువాత సొంత పనికి వెళ్లాడు’ అనే నేటి కంపెనీ ఈ తీర్పు ముందు నిలవాలంటే అందుకు సాక్ష్యం తానే తేవాలి.

‘కాంట్రాక్టరు మనిషి’ అన్న సాకుకు 1997 నాటి కైలాశ్‌నాథ్ కొఠారి కేసులో సమాధానమున్నది. రాజస్థాన్ రోడ్డు రవాణా సంస్థ అద్దెకు తీసుకొన్న బస్సు అది. బస్సు వేరొకరిది, డ్రైవరు జీతం ఇచ్చేది ఆ వేరొకరే. అయినా బండి మీద, డ్రైవరు మీద ఆజ్ఞాధికారం సంస్థది గనుక సంస్థే బాధ్యురాలని తీర్పు. ఎక్కడికి వెళ్లాలో, ఏ వేళకు చేరాలో, ఏ సరుకు దింపాలో శాసించేవాడు జీతం కాగితం మీద తన పేరు లేదని తప్పుకోజాలడు. బండిని అమ్మివేశామని చెప్పి, రిజిస్ట్రేషను మార్చనివారి సంగతి 2018లో నవీన్ కుమార్ కేసులో తేలినది: రికార్డులో ఎవరి పేరున్నదో వారే యజమాని. డ్రైవరుకు సరైన లైసెన్సు లేదని బీమా కంపెనీ అంటే, ముందు బాధితునికి చెల్లించి తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కున్నదని 2004లో స్వరణ్ సింగ్ తీర్పు చెప్పినది.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. తప్పెవరిదన్న విచారణ లేకుండానే మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇప్పించే 164వ సెక్షను ఉన్నది. బీమా సంస్థ అధికారి త్వరగానే ఈ మొత్తంతో రావచ్చు. అది మంచిదే. కాని ఆ పద్ధతి ప్రకారం సొమ్ము అంగీకరిస్తే 166వ సెక్షను కింద వేసిన పెద్ద క్లెయిము రద్దవుతుంది. ముప్పై రెండు లక్షలు రావలసిన కుటుంబం ఐదు లక్షల కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఎవరినైనా అడగాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు.

బండి ఏదో నిజంగా తెలియకపోతే? అప్పుడు 2022 పథకం. ఆ ప్రాంతపు ఆర్.డి.ఓ.కు గాని తహసీల్దారుకు గాని దరఖాస్తు పెట్టాలి. ఆయన నెలలోగా విచారించి కలెక్టరుకు పంపాలి. కలెక్టరు పదిహేను రోజులలో మంజూరు చేయాలి. తరువాత బండి దొరికితే పెద్ద క్లెయిము వేసుకోవచ్చు, ఈ సొమ్ము అందులోంచి తిరిగి చెల్లించాలి, అంతే. నేరస్తుని ఆచూకీ తెలియనప్పుడు కూడా నేరబాధితుల పరిహార పథకం కింద న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించే అవకాశం వేరుగా ఉన్నది.

ఈ పథకం ఎంతమందికి అందుతున్నది? 2022లో దేశంలో 67,387 ‘హిట్ అండ్ రన్’ ప్రమాదాలు జరిగాయనీ, 30,486 మంది మరణించారనీ కేంద్ర రవాణా శాఖ లెక్క. 2022–23లో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కారమైనవి 95. పొరపాటున సున్నాలు జారిపోయాయని అనుకోవద్దు. అంకెలు సరిగానే ఉన్నాయి. కోయంబత్తూరుకు చెందిన ఎముకల శస్త్రవైద్యుడు ఎస్. రాజశేఖరన్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2024 జనవరి 12న సుప్రీంకోర్టు ఈ దుస్థితిని గుర్తించి, నెలలోగా వాహనం ఆచూకీ తెలియకపోతే పథకం సంగతి బాధితులకు రాతపూర్వకంగా తెలపాలని పోలీసులను ఆదేశించినది. డ్రైవర్ల సమ్మె విరమణ జరిగి అప్పటికి పది రోజులు. సమ్మె గురించి పుటలకు పుటలు రాసిన మా పత్రికలవారం ఈ తీర్పుకు ఎంత చోటిచ్చామో పాఠకులే చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పరిహారం విషయంలో యజమానిని చట్టం వదలలేదు, వదిలినది మరొకచోట. డ్రైవరు వివరాలు చెప్పవలసిన కంపెనీ 133వ సెక్షనును ధిక్కరించి నోరు మెదపకపోతే శిక్ష ఏమిటి? 187వ సెక్షను ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా. పెద్ద కంపెనీకి ఐదు వేలంటే అతిథులకు ఒక పూట ఫలహారాల ఖర్చు. నోరు తెరిస్తే తన మీదికి లక్షలలో బాధ్యత, బీమా సరిగా లేకపోతే సొంత జేబుకే చిల్లు. నోరు మూసుకొంటే ఐదు వేలు. ఏ గుమాస్తా అయినా ఈ లెక్క చేయగలడు. పారిపోయిన డ్రైవరుకు పదేళ్లు రాసిన అదే పార్లమెంటు, పారిపోయినవానిని దాచిపెట్టిన కంపెనీకి ఐదు వేలు రాసి ఊరుకొన్నది.

యజమానిని చేరే దారి పార్లమెంటుకు తెలియదా అంటే, తెలుసు. మైనరు బాలుడు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడో వాహన యజమానో దోషి అని 2019 సవరణలో 199ఎ సెక్షను చేర్చారు. మూడేళ్ల జైలు, 25,000 రూపాయల జరిమానా. తనకు తెలియకుండా జరిగినదనీ, తగిన జాగ్రత్త తీసుకొన్నాననీ నిరూపించుకొనే భారం అతనిదే. కొడుకు చేతికి తాళంచెవి ఇచ్చిన తండ్రిని పట్టుకొన్న చట్టానికి, నిద్రలేని డ్రైవరు చేతికి తాళంచెవి ఇచ్చిన కంపెనీని పట్టుకోవడానికి చేతులు రాలేదు.

నిద్రలేని డ్రైవరు అన్నమాట అలంకారానికి రాయలేదు. రవాణా కార్మికులకు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటల పని అని 1961లోనే చట్టం చేశారు. రాత్రి దాబాల దగ్గర కునికిపాట్లు పడుతూ టీ తాగే లారీ డ్రైవర్లను అడిగి చూడండి, ఆ చట్టం పేరు విన్నవాడు ఎంతమందిలో ఒకడో. బండి ఎక్కడ ఆగినదో, ఎంత వేగంతో పోతున్నదో ఆఫీసులో కూర్చుని చూసుకొనే యంత్రాలను చాలా కంపెనీలు తామే బిగించుకొన్నాయి. సరుకు అరగంట ఆలస్యమైతే ఆ యంత్రం సాక్ష్యం చెప్పి డ్రైవరు జీతం కోయిస్తుంది. మనిషి చనిపోతే మాత్రం ఆ యంత్రానికి మూగనోము పడుతున్నది.

డ్రైవరు చేసిన నేరానికి యజమానిని జైలులో పెట్టడమేమిటని ఆక్షేపించేవారుంటారు. ఆ ఆక్షేపణలో న్యాయమున్నది. ఒకరి నేరానికి మరొకరిని జైలుకు పంపమని నేను కోరడం లేదు. కోరేది యజమాని సొంత తప్పుకు తగిన శిక్ష. తన బండి ప్రమాదంలో చిక్కుకొన్నదని తెలిసిన కంపెనీ ఇరవై నాలుగు గంటలలో తానే పోలీసులకు చెప్పాలి. ఆ రోజు బండి ఎవరి చేతిలో ఉన్నదో తెలిపే పుస్తకమూ, యంత్రం నమోదులూ చెరపకుండా భద్రపరచాలి. చెప్పకపోయినా, చెరిపినా, డ్రైవరు కంపెనీ పని మీదనే ఉన్నాడని, తప్పు అతనిదేనని పరిహారం కేసులో భావించాలి. 187వ సెక్షను జరిమానా కంపెనీ స్తోమతకు తగినట్లుండాలి. ఆరు నెలల గడువు పోవాలి. వీటిలో ఒక్కదానికి కూడా లారీ డ్రైవరు సమ్మె చేయడు. పైగా నేరమంతా తన నెత్తిన రుద్ది తప్పుకొనే యజమాని నుంచి అతనికీ కొంత రక్షణ దొరుకుతుంది.

ఈ సవరణలకు కొత్త చట్టం అక్కరలేదు. ఉన్న మోటారు వాహనాల చట్టంలో నాలుగైదు వాక్యాలు చాలు. 106వ సెక్షను రెండవ ఉపసెక్షను భవిష్యత్తు తేల్చడానికి రవాణాదారుల సంఘాన్ని సంప్రదిస్తామని ప్రభుత్వం మాట ఇచ్చినది. సంప్రదించవలసినదే. అయితే ఆ బల్లకు ఒకవైపు ప్రభుత్వం, మరొకవైపు బండ్ల యజమానుల ప్రతినిధులు. 2022 లెక్కలోని ఆ 30,486 ఇళ్ల తరఫున కూర్చోవడానికి సంఘం లేదు, సమ్మె చేయడానికి చక్రాలు లేవు. వారి తరఫున కూర్చోవలసిన బాధ్యత మనం ఎన్నుకొని పంపిన సభ్యులదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభలో నలభై రెండు మంది ఉన్నారు. 133వ సెక్షను కింద దేశంలో ఎన్ని కంపెనీల మీద కేసులు పెట్టారని వారిలో ఒక్కరు ఒక్క ప్రశ్న వేసినా, రవాణా మంత్రి సమాధానం చెప్పక తప్పదు.